డిస్ట్రిబ్యూటర్ బిగుసుకుంటే సుత్తి పట్టకండి

సంపాదకుల వారికి,

నమస్కారం. మా ఇంట్లో నాన్నగారి కాలం నాటి పెట్రోల్ అంబాసిడర్ కారు ఉంది. ఉత్తరపారా కర్మాగారంలో వీటి తయారీ 2014లోనే నిలిచిపోయింది కాబట్టి, ఉన్న సామాను పగలకుండా కాపాడుకోవడం తప్ప మాలాంటి వారికి మరో దారి లేదు. అందుకే పాత పెట్రోల్ ఇంజన్లలో స్పార్క్ ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ బిగుసుకుపోతే దానిని ఊడదీసే పని గురించి మన జిల్లా మెకానిక్ సోదరులకు కొన్ని మాటలు విన్నవించుకుంటున్నాను.

కొన్నేళ్ల క్రితం మా బండి ఎత్తు ఎక్కేటప్పుడు నాకింగ్ (ఇంజన్‌లో టకటకమనే చప్పుడు) చేస్తుంటే, టైమింగ్ (ప్లగ్గులో నిప్పురవ్వ పడే సమయం) సరిచేయించడానికి నల్లగొండలోనే ఒక షెడ్డుకు తీసుకువెళ్లాను. డిస్ట్రిబ్యూటర్‌ను కాస్త తిప్పి టైమింగ్ సరిచేయాలి, కాని దానిని పట్టి ఉంచే క్లాంపు వదులు చేసినా అది వెంట్రుకవాసి కూడా తిరగలేదు. పనివారు కింద స్క్రూడ్రైవర్ ఆనించి సుత్తితో కొట్టారు. నాలుగో దెబ్బకు అది మెడ దగ్గర విరిగి, కింది ముక్క ఇంజన్ బ్లాకులోనే ఉండిపోయింది. దానిని కొద్దికొద్దిగా కోసి తీయడానికి రెండు రోజులు పట్టింది. లోపల రాలిన పొడి కోసం ఆయిల్ చాంబర్ కూడా విప్పవలసి వచ్చింది.

డిస్ట్రిబ్యూటర్ ఒళ్లు అల్యూమినియం, బ్లాకు పోత ఇనుము. వాటర్ సర్వీసింగ్ నీళ్లు ఆ సందులోకి దిగితే అల్యూమినియం తెల్లటి పొడిగా మారి, ఉబ్బి, రెండింటినీ అతికించినట్టు పట్టేస్తుంది. ఆ పట్టును నూనె వదిలించాలే గాని దెబ్బ వదిలించదు. వేడికి అల్యూమినియం ఇనుము కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు లాగితే ఇంకా బిగుస్తుంది. అదే చల్లారేటప్పుడు అల్యూమినియం ఎక్కువగా ముడుచుకొని, సన్నని సందు ఇచ్చి, నూనెను లోపలికి పీల్చుకుంటుంది.

ఈ ఏడాది అదే ఇబ్బంది మళ్లీ వచ్చినప్పుడు పని నేనే చేసుకున్నాను. సాయంత్రం ఇంజన్‌ను కాసేపు నడిపి ఆపి, మెడ చుట్టూ తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా వదిలేయడం, ఇలా మూడు రోజులు చేశాను. నాలుగో రోజు ఉదయం, చల్లటి ఇంజన్ మీద, డిస్ట్రిబ్యూటర్ క్యాప్ (పై మూత) తీసి, లోపల తిరిగే రోటర్ ఎటు చూస్తోందో, ఒళ్లు బ్లాకు మీద ఎక్కడ కూర్చుందో గీతలు పెట్టుకొని, క్లాంపు వదులు చేసి, ఆయిల్ ఫిల్టర్ విప్పే బెల్టు స్పానర్‌తో పైకి లాగకుండా కుడికీ ఎడమకీ మాత్రమే తిప్పాను. మొదట కిర్రుమంది, తర్వాత అంగుళంలో పావు వంతు తిరిగింది, గంట సేపటికి చేతితోనే పైకి వచ్చింది. డిస్ట్రిబ్యూటర్ పక్కన ఉండే వ్యాక్యూమ్ డబ్బాను మాత్రం పిడిలా పట్టుకోకూడదు, అది ఇట్టే వంగిపోతుంది.

మా అంబాసిడర్‌లో డిస్ట్రిబ్యూటర్‌ను ఇంజన్‌తో కలిపే కింది కొక్కెం మధ్యకు కాక ఒక పక్కకు ఉంటుంది కాబట్టి తిరిగి పెట్టేటప్పుడు ఒక్క తీరులోనే కూర్చుంటుంది. పళ్ల చక్రం డిస్ట్రిబ్యూటర్ షాఫ్టుకే ఉన్న ఇంజన్లలో అయితే పైకి తీస్తుంటే రోటర్ తిరుగుతుంది. అక్కడ తీయకముందు ఒక గీత, తీశాక మరో గీత పెట్టుకోవాలి, బయట ఉన్నంతసేపు ఇంజన్‌ను తిప్పకూడదు. తిరిగి బిగించే ముందు మెడకు పలుచగా గ్రీజు రాయడం మరువకండి. మొదటిసారి మేము రాయలేదు, రెండోసారి బిగుసుకుపోవడానికి అదే కారణం.

ఐటీఐల మోటార్ మెకానిక్ విద్యార్థులకు ఒక పాత ఇంజన్ మీద ఈ పనిని చేయించి చూపాలని అధ్యాపకులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
నల్లగొండ