ఫొటోకరెంట్ వేరు, హైడ్రోజన్ వేరు

సంపాదకులకు,

ఎండతో నీటిని విడగొట్టే కొత్త ఆక్సైడ్ దొరికిందంటూ పత్రికల్లో తరచూ వార్తలొస్తుంటాయి. వాటిలో ఎక్కువగా కనిపించేది ఒకే అంకె: చదరపు సెంటీమీటరుకు ఇన్ని మిల్లీయాంపియర్ల ఫొటోకరెంట్, అంటే కాంతి పడితే పుట్టే కరెంటు. ఆ అంకె అబద్ధం కాదు. దాన్నే హైడ్రోజన్ ఉత్పత్తి అనుకుంటేనే చిక్కు. ప్రజల సొమ్ముతో సాగే పరిశోధన గురించి ప్రజలకే చెబుతున్నప్పుడు ఈ తేడా చెప్పకపోవడం సరికాదు.

ఫొటోకరెంట్‌ను మామూలుగా రివర్సిబుల్ హైడ్రోజన్ ఎలక్ట్రోడ్ కొలమానం (హైడ్రోజన్ పుట్టే వోల్టేజీని సున్నాగా తీసుకునే కొలత) మీద 1.23 వోల్టుల దగ్గర చూస్తారు. నీరు విడిపోవడానికి సిద్ధాంతరీత్యా కావలసిందీ 1.23 వోల్టులే. కాథోడ్ (హైడ్రోజన్ పుట్టే ఎలక్ట్రోడ్) దగ్గర రవ్వంత నష్టం కూడా లేదనుకున్నా, అక్కడ హైడ్రోజన్‌లో చేరే శక్తి, బయటినుంచి మనం పెట్టిన కరెంటు శక్తి సరిసమానం. నికరంగా ఎండ ఇచ్చింది సున్నా. పదార్థాలను ఒకదానితో ఒకటి పోల్చడానికి ఈ కొలత చక్కగా పనికొస్తుంది, అంతవరకే. బయటి వోల్టేజీ ఏమీ లేకుండా రెండే ఎలక్ట్రోడ్లతో చదరపు సెంటీమీటరుకు ఒక మిల్లీయాంపియర్ వస్తే, ప్రామాణిక ఎండలో సామర్థ్యం (ఎండ శక్తిలో హైడ్రోజన్‌లో చేరే వంతు) 1.23 శాతం. పతాక శీర్షికకు తగిన అంకె అదీ.

కరెంటు వచ్చినంత మాత్రాన అది నీటినుంచే వచ్చిందనీ అనుకోకూడదు. ద్రావణంలో సోడియం సల్ఫైట్ కలిపితే హోల్స్ (కాంతి తగిలి ఎలక్ట్రాన్ వెళ్లిపోయిన చోట మిగిలే ధనావేశపు ఖాళీలు) నీటి జోలికి పోకుండా తేలిగ్గా దొరికే సల్ఫైట్‌ను ఆక్సీకరిస్తాయి, కరెంటు బాగా పెరుగుతుంది. పదార్థం లోపలి నష్టాన్ని, ఉపరితలపు నష్టాన్ని విడదీసి చూడటానికి అది మంచి పరీక్ష. కాకపోతే అందులో ఆక్సిజన్ పుట్టదు. అందుకే వాయువు కొలవాలి: ఒక మిల్లీయాంపియర్ గంటసేపు నిలిస్తే 18.7 మైక్రోమోల్‌ల హైడ్రోజన్, అందులో సగం ఆక్సిజన్ రావాలి. వాయువులను వేరుచేసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో నైట్రోజన్ కూడా కనిపిస్తే గాలి చొరబడినట్టే, ఆ మేరకు ఆక్సిజన్ తీసేసి లెక్క కట్టాలి.

ఇక 'చవకైన తుప్పుతో ఇంధనం' అనే మాట. ఆ తుప్పు హెమటైట్. బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్‌ను విడిపించడానికి కాంతికి ఉండాల్సిన కనీస శక్తి) సుమారు 2.1 ఎలక్ట్రాన్ వోల్టులు కాబట్టి కాగితం మీద చదరపు సెంటీమీటరుకు 12.6 మిల్లీయాంపియర్ల దాకా రావాలి. కానీ కాంతిని సరిగా పీల్చుకోవడానికి వందల నానోమీటర్ల మందం కావాలి, లోపల పుట్టిన హోల్ మాత్రం రెండు నుంచి నాలుగు నానోమీటర్లకు మించి నడవలేదు. ఉపరితలం చేరకముందే ఎలక్ట్రాన్‌తో కలిసిపోయి వేడిగా మారుతుంది. దానికి విరుగుడుగా సన్నటి కడ్డీలు పెంచుతారు. ఫెర్రిక్ క్లోరైడ్, సోడియం నైట్రేట్ ద్రావణంలో ఎఫ్‌టీఓ (ఫ్లోరిన్ కలిపిన టిన్ ఆక్సైడ్, కరెంటు పారే పారదర్శక పొర) పూత గాజు ఉంచి 100 డిగ్రీల దగ్గర వేడిచేస్తే ఐరన్ ఆక్సీహైడ్రాక్సైడ్ కడ్డీలు మొలుస్తాయి, 550 డిగ్రీల్లో కాలిస్తే హెమటైట్ అవుతుంది. అప్పటికీ కరెంటు నామమాత్రమే. 800 డిగ్రీల దగ్గర కొద్ది నిమిషాలు ఉంచితే పూతలోని టిన్ కడ్డీల్లోకి పాకి వాహకత పెంచుతుంది. అదే వేడికి గాజు మెత్తబడి వంగుతుంది, పూత నిరోధమూ పెరుగుతుంది. కొలిమిలో కాసేపు అటూఇటూ అయితే అంకె మారిపోతుంది గనుక, ఒక్క ముక్క మీద వచ్చిన రికార్డును నమ్మే ముందు ఎన్ని ముక్కల సగటో అడగాలి.

బిస్మత్ వనడేట్ అనే మరో ఆక్సైడ్‌ది ఇంకో తంటా. మాలిబ్డినం కొద్దిగా కలిపి, పైన నికెల్-ఐరన్ ఉత్ప్రేరక పొర వేస్తే మంచి కరెంటే ఇస్తుంది. కానీ వనేడియం మెల్లగా ద్రావణంలోకి కరిగిపోతుంది. గంట పరీక్షలో ఇది బయటపడదు.

శాతాల గందరగోళానికి ఒక ఉదాహరణ చాలు. అల్యూమినియం చేర్చిన స్ట్రాంషియం టైటనేట్ పొడితో 2020లో దాదాపు 96 శాతం క్వాంటం సామర్థ్యం (పడిన కాంతి కణాల్లో పనికొచ్చిన వంతు) సాధించారు. అది 350-360 నానోమీటర్ల అతినీలలోహిత కాంతికి. ఆ రకం పొడితోనే వంద చదరపు మీటర్ల పలకలు వేసి 2021లో ప్రకటించిన సౌర-హైడ్రోజన్ సామర్థ్యం గరిష్ఠంగా 0.76 శాతం. రెండూ నిజమే, రెండూ గొప్ప పనులే. చదరపు మీటరుకు రోజుకు ఐదు యూనిట్ల ఎండ పడేచోట ఒక శాతం సామర్థ్యంతో రోజుకో కిలో హైడ్రోజన్ కావాలంటే సుమారు 650 చదరపు మీటర్లు పరచాలి. 96 శాతం అని మాత్రమే చదివిన పాఠకుడికి ఇది ఎలా తెలుస్తుంది?

కాబట్టి విలేకరులు ఈ వివరాలు అడిగి రాయాలని మనవి: బయటి వోల్టేజీ ఎంత, ద్రావణంలో ఏం కలిపారు, వాయువులు రెండింటినీ కొలిచారా, ఎలక్ట్రోడ్ వైశాల్యమెంత, ఎన్ని గంటలు నిలిచింది, దీపమా నిజమైన ఎండా. నిధులిచ్చే సంస్థలు కూడా తుది నివేదికలో ఇవే అడగాలి. పక్కనే ఇంకో అంకె వేస్తే మరీ మంచిది: 20 శాతం సౌర పలకకు 65 శాతం ఎలక్ట్రోలైజర్ (కరెంటుతో నీటిని విడగొట్టే యంత్రం) తగిలిస్తే 13 శాతం ఇప్పుడే వస్తుంది. ఆక్సైడ్ల మీద పని దండగని అనడం లేదు. అవి గెలవాల్సింది ఆ 13 మీద, నిరుటి ఫొటోకరెంట్ మీద కాదు.

ఇట్లు,
ఒక పాఠకుడు