సన్మానం వద్దన్నారు, ఉపదేశులకు ఇమ్మన్నారు: మిషన్ ఆదివారం విరాళాల విజ్ఞప్తి

క్రీస్తునందు ప్రియమైన మన విచారణ (గుడి పరిధి) విశ్వాసులకు, ఊరు విడిచి పట్నాల్లోనూ విదేశాల్లోనూ స్థిరపడిన మన బిడ్డలకు విచారణ కమిటీ నమస్కారాలు.

గురుపట్టం పొందిన కొత్తల్లోనే ఉత్తర ఉగాండా వెళ్లి, జీవితమంతా అచోలి ప్రజల మధ్య గడిపిన మన ఊరి ఫాదర్ గారు విశ్రాంతికి ఇంటికి చేరిన సంగతి మీకు తెలిసిందే. శాలువా, గజమాల, బ్యాండుమేళం అనుకున్నాం. ఆయన ససేమిరా అన్నారు. ఈ కరపత్రంలో తన పేరు కూడా వేయనివ్వలేదు. "ఆ ఖర్చేదో అక్కడి ఉపదేశులకు చేరేలా చూడండి" అన్నారు.

ఉపదేశులే ఎందుకని అడిగితే గంటసేపు చెప్పారు. అక్కడ ఒక్కో విచారణ కింద పదుల కొద్దీ ఊళ్లుంటాయి. గురువు ఒక ఊళ్లో పూజ చేసి, మిగతావన్నీ తిరిగి మళ్లీ అక్కడికి వచ్చేసరికి నెలలు గడుస్తాయి. ఈలోగా ఆదివారం ప్రార్థన నడిపేది, పిల్లలకు జపాలు నేర్పేది, ప్రాణం పోతున్నవాళ్ల పక్కన కూర్చునేది, చనిపోయినవాళ్లను సమాధి చేసేది అంతా ఉపదేశే. చేతికొచ్చేది నామమాత్రం. సొంత చేను దున్నుకుంటేనే ఇల్లు గడుస్తుంది. 1987 నుంచి దాదాపు ఇరవై ఏళ్లు లార్డ్స్ రెసిస్టెన్స్ ఆర్మీ అనే తిరుగుబాటు ముఠా యుద్ధం సాగింది. పిల్లల్ని ఎత్తుకుపోతుంటే ఊళ్లకు ఊళ్లే శిబిరాల పాలయ్యాయి. ఫాదర్లు వెళ్లలేని రోజుల్లో ఆ శిబిరాల్లో జపమాల చెప్పించింది వీళ్లే.

ఆ ప్రాంతంలోనే పైమోల్ అనే ఊరుంది. దావూది ఒకెలో, జిల్దో ఇర్వా అనే ఇద్దరు కుర్రాళ్లు అక్కడ ఉపదేశులుగా ఉండేవారు. పెద్దవాడికి పదహారు, పద్దెనిమిదేళ్ల మధ్య వయసు, చిన్నవాడు ఇంకా పసివాడే. అంతకుముందున్న ఉపదేశి చనిపోతే ఆ చోటికి తానే వెళ్తానని దావూది ముందుకొచ్చాడు. ప్రమాదమని ఫాదర్ హెచ్చరించినా వెనక్కి తగ్గలేదు. పొద్దున్నే డప్పు కొట్టి పిల్లల్ని ప్రార్థనకు పిలిచేవాడు. 1918 అక్టోబరులో ఇద్దరినీ బల్లేలతో పొడిచి చంపారు. 2002లో రెండవ జాన్ పాల్ పోపు గారు వారిని ధన్యులుగా (పునీతులకు ముందు మెట్టు) ప్రకటించారు. ఈ కథ చెప్పేటప్పుడు మాత్రం ఫాదర్ గారి గొంతు మారింది.

ఇదంతా మనకెందుకు అనేవాళ్లూ ఉంటారు. నెల్లూరు, గుంటూరు పల్లెల్లో మన ముత్తాతలకు జ్ఞానస్నానాలిచ్చిన మిల్ హిల్ ఫాదర్ల సభే 1895లో ఉగాండాలోనూ అడుగుపెట్టింది. వాళ్ల వెనక నడిచి, మన భాషలో పాటలు కట్టి, వాడవాడలా జపాలు చెప్పించింది మన ఉపదేశులే. ఫాదర్ల ఫోటోలు గోడల మీదున్నాయి. ఆ ఉపదేశుల పేర్లు ఇవాళ మనలో ఎందరికి గుర్తున్నాయి?

ఫ్రాన్సులోని లియోన్ పట్నంలో పౌలీన్ జారికో అనే యువతి పదేసి మందిని జట్లుగా చేసి, వారానికొక చిల్లర నాణెం చొప్పున మిషన్ల కోసం కూడబెట్టింది. వంటకు ముందు దేవుడికని తీసిపెట్టే మన పిడికెడు బియ్యం లాంటిదే. మిషన్ ఆదివారం కానుకలు పోగుచేసే సంస్థ 1822లో అలా పుట్టిందే. ఆ పద్ధతే మనమూ పాటిద్దాం. పది ఇళ్లకొక జట్టు, జట్టుకొక డబ్బా.

డబ్బు గురించి ఒక మాట. ఈ కానుకను మేము నేరుగా ఆఫ్రికాకు పంపం. పైసా మినహాయించకుండా పీఠ (బిషప్ గారి) కార్యాలయానికి అప్పగిస్తాం. అక్కడి నుంచి రోము నిధిలో కలిసి మిషన్ పీఠాలకు వెళ్తుంది. ఉపదేశుల శిక్షణకు, ప్రార్థనాలయాల రేకులకు, రాకపోకలకు ఖర్చవుతుంది. మీ డబ్బుతో కొన్న సైకిలు ఫలానా ఊరి ఉపదేశికి చేరిందని ఫోటో చూపించలేం. అది ముందే చెప్పడం మంచిది.

అక్టోబరు చివరి ఆదివారానికి ముందు ఆదివారం మిషన్ ఆదివారం. డబ్బాలు, కవర్లు ఆ రోజు పూజలో కానుకల సమయంలో తెచ్చివ్వండి. ముందుగా ఇవ్వదలిచినవారు కోశాధికారి దగ్గర రసీదు తీసుకోండి. మొత్తం లెక్క తర్వాతి ఆదివారం గుడి నోటీసు బోర్డు మీద పెడతాం.