పిన్నిగారు పాలు ఉప్పగా ఉన్నాయన్నారు, నేను గడ్డి మీదికి నెట్టాను

రెండు వారాలుగా మీలో సగం మందికి లీటరు చోట అరలీటరే వస్తోంది. మా ఆయన గేటు దగ్గర "గేదెలకు ఒంట్లో బాలేదండీ" అని చెప్పి బండి తిప్పేస్తున్నాడు. శ్రావణ శుక్రవారాలు, పరమాన్నాలు ఉన్న నెలలో ఆ ఒక్క ముక్క మీకు సరిపోదని నాకు తెలుసు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. తప్పు మాదే. ఇంకా సరిగ్గా చెప్పాలంటే నాది.

జూలై చివర్లో పటమట నుంచి ఒక పిన్నిగారు ఫోన్ చేశారు. "అమ్మాయ్, పాలు కాస్త ఉప్పగా తగులుతున్నాయి. పెరుగు కూడా గడ్డలా తోడుకోవడం లేదు, చెంచా పెడితే నీళ్లు వదిలేస్తోంది" అన్నారు. "వానలు పడ్డాక పచ్చిగడ్డి ఎక్కువ పెడుతున్నాం పిన్నిగారూ, అందుకే" అని చెప్పేశాను. అబద్ధమని తెలిసి ఆడింది కాదు. లేత పచ్చిగడ్డిలో పీచు తక్కువ, ఎండుమేత తగ్గితే పాలలో వెన్న కాస్త పడిపోతుంది. అయితే గడ్డి మారితే వెన్న తగ్గుతుంది గానీ పాలకు ఉప్పదనం రాదు. ఇరవై ఏళ్లుగా పాడి చేస్తున్నదాన్ని, ఆ మాత్రం తట్టలేదు. ఆవిడ ఇంకో నాలుగు రోజులు చూసి మన దగ్గర పాలు మానేశారు.

తర్వాతి వారం గౌరి దూడను తన్నింది. గౌరి అంటే మా కొట్టంలో అందరికంటే నెమ్మది గేదె, దూడ ఎంత కుమ్మినా కదలదు. ఆ రోజు ముందు కుడి చన్ను పట్టుకోగానే కాలు లేపింది. చెయ్యి వేసి చూస్తే మిగతా మూడింటి కంటే అది కాస్త వెచ్చగా ఉంది. వాపు లేదు, గడ్డ లేదు, పాలు చూడ్డానికి మామూలుగానే ఉన్నాయి. అయినా అనుమానం వచ్చి డాక్టరుగారిని పిలిచాం.

ఆయన నాలుగు గుంటలున్న ఒక ప్లాస్టిక్ పళ్లెం తెచ్చారు. ఒక్కో చన్ను నుంచి ఒక్కో గుంటలోకి రెండు ధారలు పిండించి, ఊదారంగు ద్రావణం అంతే కొలతలో పోసి, పళ్లేన్ని గుండ్రంగా తిప్పారు. మూడు గుంటల్లో పాలు పాలలాగే తిరిగాయి. నాలుగో దాంట్లో పది సెకన్లలో చిక్కబడి సగ్గుబియ్యం జావలా ముద్ద కట్టాయి. నేను నోరెళ్లబెట్టి చూస్తుంటే "ఇందులో ఉన్నది ఒక రకం సబ్బేనమ్మా" అన్నారాయన. పొదుగులోకి సూక్ష్మజీవి దూరితే దాన్ని చంపడానికి ఒంట్లోని తెల్ల రక్తకణాలు అక్కడికి పరుగెత్తుకొస్తాయి. సబ్బు ఆ కణాలను పగలగొడితే లోపలి డీఎన్‌ఏ బయటికొచ్చి జిగురవుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఆవు పాలలో ఇలాంటి కణాలు మిల్లీలీటరుకు 2 లక్షల లోపే ఉండాలట. జావ కట్టిందంటే లెక్క దానికి ఎన్నో రెట్లు దాటినట్టు. దీన్ని కాలిఫోర్నియా మస్టైటిస్ టెస్ట్ అంటారు, 1957 నుంచీ వాడుకలో ఉంది. నా కొట్టానికి మాత్రం ఈ ఏడాదే వచ్చింది.

ఆ రోజే పాలిచ్చే 12 గేదెలకూ చేయించాం. 48 చన్నుల్లో ఆరు జావ కట్టాయి. నాలుగు గేదెలు. బయటికి ఒక్కదానికీ వాపు లేదు.

ఇది వాపు కనిపించని పొదుగువాపు. మస్టైటిస్ అంటే పొదుగువాపే. పొదుగు ఎర్రబడి, రాయిలా గట్టిపడి, పాలలో తరకలు పడే రకమైతే రైతు ఆ పూటే పట్టుకుంటాడు. ఈ రకం నెలల తరబడి లోపలే ఉండి, రోజుకు పావులీటరో అరలీటరో తినేస్తుంది. మనమేమో "ఈత ముదిరింది కదా, అందుకే తగ్గింది" అనుకుంటాం.

ఇక ఉప్పదనం సంగతి. పొదుగంటే పాలు నింపిన సంచీ అనుకునేదాన్ని నేను. లోపల ద్రాక్షగుత్తుల్లా కంటికి ఆనని చిన్న చిన్న తిత్తులుంటాయి, వాటి గోడల్లోని కణాలే రక్తం నుంచి సరుకు తీసుకుని పాలు చేస్తాయి. ఒక లీటరు పాలు తయారవడానికి 400 నుంచి 500 లీటర్ల రక్తం పొదుగులో తిరగాలి. ఆ కణాలు ముందు లాక్టోజు అనే పాల చక్కెర చేస్తాయి. అది ఎంత ఉంటే అంత నీటిని తిత్తిలోకి లాగుతుంది, అంటే పాలు ఎన్ని లీటర్లన్నది ఆ చక్కెర చేతిలోనే ఉంది. సూక్ష్మజీవి చేరి గోడ దెబ్బతింటే కణాల మధ్య అతుకులు వదులవుతాయి. ఇటు చక్కెర రక్తంలోకి జారిపోతుంది, అటు రక్తంలోని సోడియం, క్లోరైడు పాలలోకి వచ్చేస్తాయి. సోడియం, క్లోరైడు కలిస్తే మన వంటింటి ఉప్పే. తీపి తగ్గి, ఉప్పు పెరిగి, పాలు కూడా తగ్గుతాయి. పెరుగుకు గట్టిదనం ఇచ్చే కేసీన్ అనే ప్రొటీను కూడా విరిగిపోతుంది కాబట్టి తోడు సరిగ్గా నిలవదు. పిన్నిగారు నాలుకతో, చెంచాతో చెప్పింది అక్షరాలా ఇదే. మీలో కొందరు లాక్టోమీటరు పెట్టి చూసుకుంటారు, చూసుకోండి, మంచిదే. కానీ అది ఇలాంటి జబ్బును పట్టడానికి చేసిన పరికరం కాదు.

ఇది ఎలా పాకిందో చెప్పడానికే నాకు సిగ్గుగా ఉంది. ల్యాబ్‌లో తేలింది స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే సూక్ష్మజీవి. ఇది జబ్బున్న పొదుగులో కాపురం ఉండి, పాలు పిండేటప్పుడు చేతుల మీదుగా ఇంకో పొదుగుకు చేరుతుంది. డాక్టరుగారు ఒక పూట మా పాలు పిండే పద్ధతి నిలబడి చూశారు. బకెట్‌లో నీళ్లు, అందులో ఒక గుడ్డ. ఆ ఒక్క గుడ్డతోనే 12 పొదుగులూ తుడుస్తున్నాం. పైగా చన్ను జారడానికి పాల నురగలో వేళ్లు ముంచి పిండడం మా అత్తగారి దగ్గర నేర్చుకున్న అలవాటు, మా దగ్గర పనిచేసే అబ్బాయికి నేర్పింది నేనే. ఒక గేదె పాలు తడిచేత్తో ఇంకో గేదె చన్ను కొసకు రాస్తున్నామన్నమాట. బొటనవేలు మడిచి, కణుపుతో నొక్కి పిండడం ఇంకొకటి. త్వరగా అవుతుంది కానీ చన్ను లోపలి పొర నలిగి, సూక్ష్మజీవికి దారి దొరుకుతుంది.

నిజానికి గేదెకు దేవుడిచ్చిన రక్షణ ఆవు కంటే ఎక్కువ. చన్ను రంధ్రం బిగువు, అందుకే పిండేవాళ్లకు చేతులు నొప్పి. అలాంటి గేదెకే అంటించాం.

ఇప్పుడు మందుల సంగతి, మీకు ముఖ్యమైంది ఇదే. గౌరికీ, ఇంకో గేదెకూ చన్నులోకి యాంటీబయాటిక్ ట్యూబులు ఎక్కించారు. ఒక చన్నుకే ఎక్కించినా ఆ గేదె నాలుగు చన్నుల పాలూ పారబోశాం. మందు వాడిన రోజులే కాదు, ఆ తర్వాత లేబుల్ మీద రాసిన గడువు పూర్తయ్యేదాకా. దూడలకు కూడా పట్టలేదు, కొట్టం వెనక గుంట తీసి పోశాం. ఒక్క గేదె మందు పాలు క్యాన్‌లో కలిస్తే మొత్తం క్యాన్ పాడవుతుంది. తోడులోని మంచి సూక్ష్మజీవులను కూడా ఆ మందు చంపేస్తుంది, పెరుగు తోడుకోదు. మిగతా రెండూ చూడి గేదెలు, ఈతకు ఎలాగూ దగ్గరపడ్డాయి. ఈ సూక్ష్మజీవి కండలోపల గూడు కట్టుకుంటుంది కాబట్టి పాలిస్తున్నప్పుడు మందు అంత బాగా పనిచేయదట, వట్టిపోయిన రోజుల్లో మెరుగు. అందుకని ఆ రెండింటినీ కాస్త ముందే పాలు ఆపేసి, నాలుగు చన్నుల్లోనూ ట్యూబులు వేసి వదిలేశాం. ఎలాగైనా ఈతకు ముందు 60 రోజులు పొదుగుకు విశ్రాంతి ఇవ్వాల్సిందే. అలా రోజుకు 84 లీటర్లు వచ్చే చోట 55 మిగిలాయి.

"మరి జూలైలో మేం తాగిన పాలో?" అని అడుగుతారు. అడగాలి కూడా. కాచిన పాలలో ఆ సూక్ష్మజీవి బతకదు. కానీ పాలు వెచ్చగా ఎక్కువసేపు నిలవుంటే అది ఒక విషం వదులుతుంది, ఆ విషం కాచినా పోదు. మేం పిండిన అరగంటలో క్యాన్లు ఐసు నీళ్లలో దించుతాం, మొదటినుంచీ ఉన్న అలవాటే. ఆ ఒక్కటైనా సరిగ్గా చేశాం. మీ వైపు నుంచి ఒక్క మాట: పాల ప్యాకెట్ గేటుకు తగిలించి గంటలకొద్దీ వదిలేయకండి. వచ్చిన వెంటనే కాచండి, లేదా ఫ్రిజ్‌లో పెట్టండి. పచ్చిపాలు తాగుతామనేవాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు, దయచేసి మానండి.

కొట్టంలో ఇప్పుడు గేదెకొక గుడ్డ. పాత పంచెలు చింపి పాతిక ముక్కలు చేశాను, పూటపూటా ఉడకబెట్టి ఎండలో ఆరేస్తున్నా. పొడిచేత్తో, పిడికిలి నిండా పట్టి పిండాలి. పనిచేసే అబ్బాయికి మొదటి మూడు రోజులు వేళ్లు వాచాయి, నన్ను తిట్టుకునే ఉంటాడు. బాగున్నవాటిని ముందు పిండి, గౌరిని ఆఖర్న పిండుతున్నాం. అయ్యాక ప్రతి చన్నునూ అయోడిన్ మందున్న చిన్న కప్పులో ముంచుతున్నాం. ఇంకోటి, ఇది నాకు చాలా నచ్చింది: పాలు పిండాక చన్ను రంధ్రం పూర్తిగా మూసుకోవడానికి అరగంట పైనే పడుతుంది. ఆ అరగంట గేదె బురదలో పడుకుంటే తలుపు తీసిన ఇంట్లోకి దొంగ వచ్చినట్టే. అందుకే దాణా పిండేటప్పుడు పెట్టినా, పచ్చిగడ్డి మాత్రం పిండాకే వేస్తున్నాం. మేస్తూ నిలబడే ఉంటాయి.

పాలు తగ్గాయి కదా అని "సూది వేస్తే వస్తాయిగా" అన్నవాళ్లున్నారు, మా బంధువుల్లోనే. గేదె పాలు దాదాపు 95 శాతం ఆ తిత్తుల్లోనే ఉంటాయి. దూడ కుడిస్తేనో, పొదుగు నిమిరితేనో మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోను వచ్చి తిత్తులను పిండితే గేదె చేపుకొస్తుంది. కుక్క మొరిగినా, కొత్త మనిషి అరిచినా బిగబట్టేస్తుంది. వాళ్లు చెప్పే సూదిలో ఉండేదీ ఆ ఆక్సిటోసినే. అంటే సూది పాలను కిందికి దించుతుందే గానీ కొత్తగా పుట్టించదు. పాల కోసం పశువుకు సూది వేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం కూడా. మా కొట్టంలోకి ఆ సీసా రాదు.

ధర పెంచడం లేదు. తగ్గించి పోసిన పాల డబ్బు ఈ నెల లెక్కలో తీసేస్తాం. పసిపిల్లలున్న ఇళ్లకు పూర్తి లీటరు ఇస్తున్నాం, మిగతావాళ్లు కొన్నాళ్లు సర్దుకోండి. సర్దుకోలేనివాళ్లు వేరేచోట పోయించుకుంటే నేనేమీ అనుకోను. సెప్టెంబరులో వేరే రెండు గేదెలు ఈనాలి. ముర్రుపాలు దూడలకు తాగినన్ని వదిలి, మిగిలితే జున్నుకు అడిగినవాళ్ల వరస ప్రకారం ఇస్తాం.

ఆ పళ్లెం ఇప్పుడు మేమే కొనుక్కున్నాం, ప్రతి సోమవారం పరీక్ష. మొన్న సోమవారం మందు వేసిన రెండో గేదె నాలుగు గుంటలూ పలచగా తిరిగాయి, దాని పాలు ఎల్లుండి నుంచి మీకు కలుస్తాయి. గౌరి ముందు కుడి గుంట ఇంకా జావ కడుతూనే ఉంది. దాని క్యాన్ వేరే, అది మీ బండెక్కదు. పటమట పిన్నిగారికి నిన్న సాయంత్రం నేనే వెళ్లి అరలీటరు ఇచ్చి, తోడు పెట్టి చూసి చెప్పమన్నాను. ఇంకా ఫోన్ రాలేదు.