మన కాలనీ సంక్షేమ సంఘం: 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని బైలాలో ఉంది కాబట్టి రాస్తున్నా. మీటింగ్ రోజు సగం మంది భోజనాల టైముకే వస్తారని తెలుసు, అందుకే ముందే గ్రూపులో పెడుతున్నా.

ముందు థ్యాంక్స్. వినాయక చవితికి పందిరి వేయించిన రెండో లైను వాళ్లకి, బతుకమ్మకి లైటింగ్ సొంత ఖర్చుతో పెట్టిన తమ్ముడికి, వాటర్ ట్యాంక్ క్లీనింగ్ ఎండలో నిలబడి చేయించిన పెద్దాయనకి (పేరు రాయొద్దన్నారు), ప్రతి పనికీ ముందుండే మహిళా కమిటీ అక్కలకి, కుర్చీలు అద్దె లేకుండా ఇచ్చిన టెంట్ హౌస్ అన్నకి. ఎవరినైనా మర్చిపోతే మనసులో పెట్టుకోకండి.

డ్రైనేజీ, వీధిలైట్లు, కుక్కలు, ఈ మూడూ పోయినేడాది ఎక్కడున్నాయో అక్కడే ఉన్నాయి. ఆఫీసుకి పోతే సార్ ఫీల్డుకి వెళ్లారంటారు, ఫీల్డులో మాకైతే ఎప్పుడూ కనపడలేదు.

ఇక ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది యాక్సిడెంట్ కేసుల మీద కమ్యూనిటీ హాల్లో పెట్టిన సభ. ఎందుకు పెట్టామో మీకు తెలుసు, మన నాలుగో లైను సభ్యుడు పాలకి వెళ్లొస్తుంటే ఒక కుర్రాడు బైకుతో గుద్దాడు, కాలు విరిగింది, తీరా చూస్తే బండికి ఇన్సూరెన్స్ లేదు, ఆర్సీ ఇంకెవరి పేరు మీదో ఉంది, సెకండ్ హ్యాండ్‌లో కొని మార్పించుకోలేదట. అందరూ ఒకటే మాట, వాడి దగ్గర ఏముంది, ఇచ్చింది తీసుకుని రాజీ రాసిచ్చేయండి అని. మన కమిటీ వద్దంది. కేసు వేయించింది. సభకి వచ్చిన లాయర్ గారు ఫీజు తీసుకోకుండా చెప్పిన విషయాలు, రానివాళ్ల కోసం (చాలామందే) రాస్తున్నా.

ఇన్సూరెన్స్ లేకపోతే కేసు ఉండదనేది తప్పు. మోటారు వాహనాల చట్టం 166 సెక్షన్ కింద ట్రిబ్యునల్లో (యాక్సిడెంట్ పరిహారం కేసులు చూసే కోర్టు) పిటిషన్ వేయొచ్చు, కట్టడానికి ఇన్సూరెన్స్ కంపెనీ లేదు కాబట్టి డ్రైవరూ ఓనరూ సొంతంగా కట్టాలి. ఓనరంటే ఆర్సీలో పేరున్నవాడే, బండి అమ్మేశాను నాకు సంబంధం లేదంటే కుదరదని 2018లోనే సుప్రీంకోర్టు చెప్పింది, అందుకే మన కేసులో గుద్దిన కుర్రాడినీ ఆర్సీలో పేరున్నవాడినీ ఇద్దరినీ పార్టీలుగా పెట్టారు. ఆర్డర్ వచ్చాక కూడా కట్టకపోతే ట్రిబ్యునల్ సర్టిఫికెట్ ఇస్తే కలెక్టర్ భూమి శిస్తు బకాయి లెక్కన వసూలు చేయాలి. వాళ్లకి ఆస్తే లేకపోతే ఏళ్లు పడుతుంది, అది లాయర్ గారు దాచలేదు. పిటిషన్ మనం ఉండే ఏరియా ట్రిబ్యునల్లోనే వేయొచ్చు కానీ యాక్సిడెంట్ అయిన ఆరు నెలల్లోపు వేయాలి, ఇది 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన రూలు, అంతకుముందు గడువు లేదని ఇప్పటికీ కొందరు నిదానంగా కూర్చుంటున్నారు.

ఇంకోటి, యాక్సిడెంట్ చేసిన ఇన్సూరెన్స్ లేని బండిని ఓనరు సెక్యూరిటీ (పరిహారానికి హామీ) కట్టనిదే వదలొద్దని, మూడు నెలల్లో కట్టకపోతే వేలం వేసి ఆ డబ్బు ట్రిబ్యునల్లో జమ చేసేలా రూల్స్ పెట్టుకోమని అదే 2018లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకి చెప్పింది. మన కేసులో బండి ఎప్పుడు వెళ్లిపోయిందో కూడా తెలీదు. అడిగితే మీకెందుకండీ అన్నారు. స్టేషన్ నుంచి ట్రిబ్యునల్‌కి 90 రోజుల్లో వెళ్లాల్సిన యాక్సిడెంట్ పూర్తి రిపోర్టు కోసం కూడా మనమే వెంటపడాల్సి వచ్చింది.

గుద్ది పారిపోయి బండి నంబరే దొరక్కపోతే అది వేరే దారి, చనిపోతే 2 లక్షలు, తీవ్ర గాయమైతే 50 వేలు ప్రభుత్వ స్కీమ్ కింద వస్తాయి, అప్లికేషన్ ఆర్డీవో ఆఫీసులో ఇవ్వాలి. ఆస్పత్రి ఖర్చుకి 2025 మేలో కొత్త స్కీమ్ వచ్చింది, గుర్తింపు ఉన్న ఆస్పత్రిలో ఏడు రోజుల దాకా లక్షన్నర వరకు క్యాష్‌లెస్, గుద్దిన బండికి ఇన్సూరెన్స్ లేకపోయినా వర్తిస్తుంది.

ఎక్కువ ప్రశ్నలు మాత్రం ఇన్సూరెన్స్ ఉండి కూడా చాలని కేసుల మీదే వచ్చాయి. పెళ్లికని డీసీఎంలో ఎక్కి పోతాం కదా, అది సరుకు బండి, జనానికి ఆ పాలసీ వర్తించదు, బోల్తా పడితే కంపెనీ చేతులెత్తేస్తుంది. ట్రాక్టర్ ట్రాలీ కూడా అంతే. అలాగే ఉత్త థర్డ్ పార్టీ పాలసీ (మన బండి వల్ల బయటివాళ్లకి జరిగిన నష్టానికే కట్టేది) ఉన్న బైకు దానంతట అది స్కిడ్ అయితే వెనక కూర్చున్న మన ఆడవాళ్లకి కంపెనీ రూపాయి కట్టదు, కాంప్రహెన్సివ్ (అన్నీ కలిపిన పెద్ద పాలసీ) ఉండాలి. ఇది విన్నాక హాల్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు, తర్వాత అందరూ ఫోన్లు తీసి బండి వివరాలు చూపించే ఎం-పరివాహన్ యాప్‌లో సొంత బండి నంబర్లు కొట్టుకున్నారు. మన కమిటీ మెంబర్ల పాలసీలే కొన్ని ఎక్స్‌పైర్ అయ్యి ఉన్నాయి, పేర్లు చెప్పను. పట్టుబడితే మొదటిసారి ఫైన్ 2 వేలే, గుద్దితే ఇల్లు అమ్ముకోవాల్సి రావచ్చు.

సభకి వాలంటీర్లుగా పేర్లిచ్చినవాళ్లలో పొద్దున కుర్చీలు వేయడానికి వచ్చింది మహిళా కమిటీ, వాచ్‌మన్, నేను. మిగతావాళ్లు గ్రూపులో చప్పట్లు కొట్టారు. కేసు ఇంకా నడుస్తోంది, వాయిదాకి తోడు వెళ్లడానికి కారున్నవాళ్లు కావాలి.

లెక్కలు కోశాధికారి నోటీసు బోర్డులో పెట్టారు, ఆడిట్ అయింది, మిగులు బ్యాంకులో ఉంది. మెయింటెనెన్స్ బాకీ ఉన్నవాళ్ల లిస్టు కూడా పక్కనే ఉంది, చూసుకోండి.

మీటింగుకి వచ్చేటప్పుడు ఆర్సీ, పాలసీ జిరాక్స్ తెచ్చుకోండి, లాయర్ గారు మళ్లీ వస్తున్నారు. సెకండ్ హ్యాండ్ బండి అమ్మినవాళ్లు, కొన్నవాళ్లు తప్పకుండా రండి. భోజనాలకి ఎంతమందో శుక్రవారం లోపు అక్కలకి చెప్పండి.

ఇట్లు
కార్యదర్శి