ఇల్లు కొనేముందు లడ్లో సంగతి తెలుసుకోండి

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో ఇల్లు కొనాలనుకునే మనవాళ్లు ముందు స్కూల్ రేటింగ్ చూస్తారు, తర్వాత మనవాళ్లు ఎంతమంది ఉన్నారో ఆరా తీస్తారు. నల్లజాతివారు ఎక్కువగా ఉండే చోటైతే "ఆ ఏరియా వద్దులెండి" అని ఎవరో ఒకరు అంటారు. ఇక ఆ ఇల్లు చూడటానికి కూడా వెళ్లరు. క్లీవ్‌లాండ్ దగ్గర ఉంటున్న నాకు ఈ మాట విన్నప్పుడల్లా కష్టంగా ఉంటుంది. ఇలాంటి మాటలకు ఎదురునిలిచిన పేట మాకు దగ్గర్లోనే ఉంది.

ఆ పేటే లడ్లో. అది కొంత క్లీవ్‌లాండ్‌లో, కొంత దాని పక్కనే ఉన్న షేకర్ హైట్స్ అనే ఊళ్లో ఉంటుంది. షేకర్ హైట్స్‌కు లేఅవుట్ వేసి స్థలాలు అమ్మిన వాన్ స్వెరింజెన్ సోదరులు 1920ల్లో దస్తావేజుల్లో ఒక షరతు రాయించారు. ఇల్లు అమ్మాలంటే వాళ్ల కంపెనీ అయినా, చుట్టుపక్కల యజమానుల్లో ఎక్కువమందైనా ఒప్పుకోవాలి. జాతి పేరు ఎక్కడా లేదు, కానీ నల్లవారు, యూదులు లోపలికి రాకుండా చూసింది ఆ షరతే. 1956 జనవరిలో జాన్ పెగ్ అనే నల్లజాతి లాయరు లడ్లోలో కట్టుకుంటున్న ఇంటి గ్యారేజీని బాంబుతో పేల్చారు. ఆ తర్వాత నల్లవారు, తెల్లవారు ఒకరి ఇళ్లలో ఒకరు కూర్చుని మాట్లాడుకోవడం మొదలైంది. 1957లో లడ్లో కమ్యూనిటీ అసోసియేషన్ ఏర్పడింది.

మాటలతో పని కాలేదు. ఏజెంట్లు తెల్లవారికి లడ్లో ఇళ్లు చూపించడం మానేశారు, బ్యాంకులు అప్పివ్వడానికి వెనకాడాయి. దాంతో అసోసియేషన్ సభ్యులే దగ్గరుండి ఇళ్లు చూపించారు. చేతిలో డబ్బు చాలనివారికి రెండో తాకట్టు మీద (బ్యాంకు అప్పుకు తోడుగా అదే ఇంటిపై) అప్పిచ్చేందుకు లడ్లో కంపెనీ అని ఒకటి పెట్టారు.

అయితే పేటలో రెండు జాతులవారూ కలిసి ఉండాలని పడిన ఈ శ్రమంతా ముఖ్యంగా తెల్లవారిని రప్పించడానికే. డబ్బుండి, ఇల్లు కావాలనుకున్న నల్లజాతి కుటుంబానికి అది ఎంత గుచ్చుకుని ఉంటుంది! ఆ విమర్శ న్యాయమైనదే. అయినా పక్కవాళ్లు అమ్ముకుని పోతున్నా కదలకుండా నిలబడి పనిచేసిన ఆ ఇరుగుపొరుగంటే నాకు గౌరవం.

ఈరోజు మన రంగు చూసి ఇల్లు అమ్మనంటే అది చట్టవిరుద్ధమవుతుంది. 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టం వల్ల దక్కిన హక్కు అది. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి ఆ చట్టంపై సంతకం పడింది. నల్లజాతివారు ప్రాణాలొడ్డి తెచ్చిన హక్కుతో ఇల్లు కొంటూ, వాళ్ల పక్కన వద్దనడం మనకు తగదు.

మన తెలుగు సంఘాలు వీసాల మీద, టాక్సుల మీద సదస్సులు పెడుతుంటాయి. ఇల్లు కొనడం గురించి పెట్టేవాటిలో ఈ చరిత్రకూ ఒక గంట ఇవ్వాలని, ఇలాంటి పేటల్లో ఏళ్లుగా ఉంటున్న నల్లజాతి పెద్దలను పిలిచి మాట్లాడించాలని కోరుతున్నాను. ఇప్పటికే ఇళ్లు కొన్నవారు తమ పేట అసోసియేషన్ మీటింగులకు వెళ్లాలి, కమిటీల్లో పని అందుకోవాలి.

– ఒక పాఠకుడు, క్లీవ్‌లాండ్, ఒహాయో