ఎత్తున పనికి శిక్షణ: కూలి ఇచ్చి నేర్పాలి

సంపాదకులకు,

అపార్టుమెంటు పనిలో పరంజా మీద నుంచి జారి కూలీ మృతి అన్న వార్త జిల్లా పేజీల్లో తరచూ వస్తూనే ఉంది. చాలాసార్లు దాని చివర ఒకే మాట ఉంటుంది: సేఫ్టీ బెల్టు పెట్టుకోలేదట. తప్పంతా పోయినవాడి నెత్తిన వేసే మాట అది. పెట్టుకుని ఉంటే ఆ బెల్టు అతన్ని కాపాడేదా అని ఎవరూ అడగరు. నిర్మాణ కూలీలకు భద్రతా శిక్షణ ఇచ్చే పనిలో ఉన్నవాళ్లం కాబట్టి ఆ సంగతే రాస్తున్నాం.

ముందు లెక్క చూడండి. సైట్లలో ఇచ్చే బెల్టు, అంటే భుజాలకూ తొడలకూ పట్టీలుండే ఫుల్ బాడీ హార్నెస్‌కు ఉండే తాడు సాధారణంగా 1.8 మీటర్ల పొడవు. దానికి కుదుపును తగ్గించే షాక్ అబ్జార్బర్ ఉంటే, మనిషి పడ్డప్పుడు దాని కుట్లు తెగుతూ ఇంకో 1.75 మీటర్ల దాకా సాగవచ్చు. తాడు కట్టి ఉండే వీపు మీది రింగు నుంచి పాదాల వరకు మరో మీటరున్నర. తాడు కొసనున్న హుక్కును కాళ్ల దగ్గర తగిలించుకుని పడిన మనిషి ఆగేసరికి అతని పాదాలు ఐదు మీటర్లు కిందికి దిగి ఉంటాయి. మరో మీటరైనా ఖాళీ ఉంచుకోవాలి కాబట్టి ఆరు మీటర్లు కావాలి. మన దగ్గర అంతస్తుకు అంతస్తుకు మధ్య పది అడుగులు, అంటే మూడు మీటర్లు. మొదటి స్లాబు అంచున బెల్టు కట్టుకుని పడ్డవాడికి తాడు బిగిసేలోపే నేల తగులుతుంది. అదే హుక్కు తల పైన తగిలిస్తే తాడు బిగిసేలోపు పడే దూరం సగానికి పైగా తగ్గుతుంది. కింది అంతస్తుల్లో అసలు దిక్కు బెల్టు కాదు, అంచున కట్టే రెయిలింగే. ఈ ఒక్క లెక్క తెలియని మేస్త్రీలు వేలమంది ఉన్నారు.

హుక్కు తగిలించే చోటు ఇంకో సమస్య. పైకి నిలిచి ఉన్న కాలమ్ చువ్వకు తగిలిస్తారు. మనిషి పడ్డప్పుడు చువ్వ వంగి హుక్కు కొస నుంచి జారిపోతుంది. సెంట్రింగ్ కర్రకు, ప్లంబింగ్ పైపుకు, కిటికీ గ్రిల్లుకు తగిలించినా అంతే. మనిషి పడ్డప్పుడు ఆ చోటు టన్నుకు మించిన లాగుడును తట్టుకోవాలి. దాన్ని ఇంజనీరు ముందే చూసి, రంగు పూసి గుర్తు పెట్టాలి. వెతుక్కోమని కూలీకి వదిలేయకూడదు.

ఇప్పుడు చాలా సైట్లలో శిక్షణ అంటే పొద్దున్నే అందర్నీ వరసగా నిలబెట్టి పది నిమిషాలు మాట్లాడటం, రిజిస్టరులో వేలిముద్ర వేయించుకోవడం. ఒడిశా, బిహార్, బెంగాల్ నుంచి వచ్చినవాళ్లకు ఆ తెలుగు మాటల్లో సగం అర్థం కావు. చేతులతో చేయించకపోతే ఈ విద్య రాదు. సైటు మూలన పైపులతో రెండు మీటర్ల ఫ్రేము కట్టడానికి పరంజావాళ్లకు ఒక పూట చాలు. దాని దగ్గర ఒక్కొక్కరితో హార్నెస్ తొడిగించాలి. తొడ పట్టీ కింద అరచెయ్యి చొరవాలి, పిడికిలి చొరకూడదు. రింగు రెండు భుజాల ఎముకల మధ్యకు రావాలి, నడుము దగ్గరికి జారితే పట్టీలు మళ్లీ బిగించాలి. రెండు తాళ్ల హార్నెస్‌తో ఒక పైపు నుంచి ఇంకో పైపుకు మారేటప్పుడు కొత్త హుక్కు పడ్డాకే పాతది తీయాలి. చెయ్యి దానంతట అదే అలా కదిలేదాకా చేయించాలి. ఆ తర్వాత పాదాలు నేలకు జానెడు ఎత్తులో ఉండేలా, పక్కన శిక్షకుడు ఉండగా, కాసేపు వేలాడదీయాలి. వదులు పట్టీ తొడల్లోకి ఎలా కోసుకుపోతుందో అప్పుడు వాళ్లకే తెలుస్తుంది.

వేలాడటం అక్కడితో అయిపోదు. కదలకుండా వేలాడే మనిషికి రక్తం కాళ్లలోకి దిగిపోతుంది. కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. 108 వచ్చేదాకా ఆగే వ్యవధి ఉండదు. నిచ్చెన ఎక్కడుంది, తాడు ఎవరి దగ్గర ఉంది, ఎవరు దింపాలి అన్నది పని మొదలయ్యే ముందే తేల్చుకుని, ఒకసారి చేసి చూసుకోవాలి. పడిన మనిషిని ఆపిన హార్నెస్‌ను మళ్లీ వాడకూడదు, కోసి పారేయాలి. వెల్డింగ్ నిప్పురవ్వ పడ్డ పట్టీ కూడా అంతే.

స్లాబుల్లో వదిలే కంతల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కంత మీద ప్లైవుడ్ ముక్క ఊరికే పరుస్తారు. సాయంత్రం దాన్ని తీసుకెళ్లడానికి ఒకడు వస్తాడు. రెండు చేతులతో ముక్కను ముందుకు ఎత్తి పట్టుకుని ఒక అడుగు వేస్తాడు. ముక్క అడ్డం కాబట్టి కాలి ముందున్న కంత అతనికి కనపడదు. మూత కదలకుండా మేకులు కొట్టి, దాని మీద ఎర్ర రంగుతో గుర్తు వేయాలి. లిఫ్టు గుంతకు ప్రతి అంతస్తులోనూ అడ్డుకమ్మి ఉండాలి. ఖర్చు స్వల్పం.

మొదటి శిక్షణ మేస్త్రీకి, పరంజా కట్టేవాళ్లకు ఇవ్వాలి. పైపు కింద బేస్ ప్లేటు, దాని కింద చెక్క లేకపోతే వాన పడ్డ మర్నాడే ఒక కాలు దిగబడుతుంది. గోడకు కట్టు కట్టని పరంజా బయటికి వాలుతుంది. చెక్క చివర ఆధారం దాటి మరీ పొడుగ్గా వస్తే, దాని మీద కాలు పెట్టినప్పుడు రెండో చివర లేస్తుంది. సర్వి కర్రలకు కట్టిన కొబ్బరి తాడు తడిసి ఎండాక వదులవుతుంది, రోజూ తడిమి చూడాలి.

పెద్ద కంపెనీల సైట్లలో సేఫ్టీ ఆఫీసరైనా ఉంటాడు. ఐదంతస్తుల ఇళ్లలో ఎవరూ ఉండరు. అడ్డా నుంచి పొద్దున తెచ్చినవాణ్ని తొమ్మిదింటికల్లా నాలుగో అంతస్తు బయటి గోడ ప్లాస్టరింగుకు ఎక్కిస్తారు. నిర్మాణ కార్మికుల సంక్షేమం కోసం 1996 చట్టంతో మొదలైన సెస్సు నిర్మాణ వ్యయంలో కనీసం 1 శాతం వసూలవుతోంది. ఆ డబ్బుతో సంక్షేమ బోర్డులు శిక్షణ ఫ్రేమును లారీ మీద పెట్టి అడ్డాల దగ్గరికే పంపవచ్చు. హైదరాబాద్‌లో 1998 నుంచి ఉన్న నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ శిక్షకులను తయారు చేయవచ్చు. హిందీ, ఒడియా, బెంగాలీ వచ్చినవాళ్లను కూలీల్లోంచే ఎంచుకోవాలి. నేర్చుకున్నవాళ్లకు ఫొటో, తేదీ ఉన్న కార్డు ఇచ్చి, అది లేనివాణ్ని రెండు మీటర్లు దాటి ఎక్కించిన కాంట్రాక్టరు పని ఆపించాలి.

శిక్షణ పూటకు కూలి కూడా కట్టివ్వాలి. చదరపు అడుగు లెక్కన గుత్తకు చేసేవాడు పూట పని వదులుకుని ఉత్తినే రాడు. రమ్మని అడిగే హక్కు కూడా మనకు ఉండదు.

— నిర్మాణ భద్రతా శిక్షకులు కొందరు, హైదరాబాద్