వరండాగాడు రాయునది

ఆష్‌బర్న్, వర్జీనియా
28 జనవరి 2025, మంగళవారం రాత్రి

ఒరేయ్ సుబ్బూ,

ముందు నువ్వు తిట్టాల్సినవన్నీ తిట్టేసి, మంచినీళ్ళు తాగి, అప్పుడు చదువు. నీ ఉత్తరం అక్టోబరు మొదట్లోనే చేరింది. జవాబు ఇదిగో, సంక్రాంతి కూడా వెళ్ళిపోయాక. మధ్యలో రెండుసార్లు మొదలుపెట్టాను. ఒకదాని వెనక మా వాడు లెక్కలు చేసుకున్నాడు, రెండోది ఎక్కడుందో తెలీదు. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోన్లో చెబితే నువ్వు ఊఁ కొడుతూ పేపరు చదువుకుంటావు. వాట్సాప్‌లో పెడితే బొటనవేలు బొమ్మ పంపి ఊరుకుంటావు. ఇది అలా పోగొట్టుకునే సంగతి కాదు.

మామూలు కబుర్లు గబగబా: అమ్మ మోకాలి ఆపరేషన్ బాగానే అయింది, మెట్లెక్కొద్దంటే ఇంకా ఎక్కుతోంది. గ్రీన్‌కార్డు క్యూ ఉన్నచోటే ఉంది. ఆఫీసులో మళ్ళీ కొందర్ని తీసేశారు, నేనున్నాను. మీ చెల్లెలు కారు మార్చింది. అయిపోయాయి.

ఇప్పుడు అసలు సంగతి. ఒరేయ్, నా పాదం గురించి హాస్టల్లో మీరంతా అన్నది నిజమేరా. ఇన్నాళ్ళకి రుజువులు దొరికాయి. అదీ అమెరికా రుజువులు.

2001 మార్చి 14 మర్చిపోయావా? టీవీ రూములో నేను కాలు పెడితే వికెట్ పడుతుందని పొద్దున్నే నన్ను వరండాలోకి తోసి తలుపేశారు. లక్ష్మణ్, ద్రవిడ్ రోజంతా ఆడారు, ఒక్క వికెట్ పడలేదు. నేను కిటికీ దగ్గరికొస్తే చాలు, నువ్వు ఆ నీలం బకెట్ ఎత్తి చూపించేవాడివి. మధ్యాహ్నం భోజనం కూడా వరండాలోకే పంపారు, పెరుగు లేకుండా. లక్ష్మణ్ కొట్టిన 281లో నా వాటా ఎంతో ఇప్పటికీ మీరెవరూ తేల్చలేదు. సరే, అది తర్వాత.

ఇక్కడ మా ఊళ్ళోనే వాషింగ్టన్ కమాండర్స్ అనే ఫుట్‌బాల్ టీము ప్రాక్టీసు చేస్తుంది. నువ్వనుకునే ఫుట్‌బాల్ కాదు, హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకునేది. నీకు రూల్స్ అక్కర్లేదు. చివరి గీత అవతల బంతి పట్టుకుంటే ఆరు పాయింట్లు, పైన ఒకటో రెండో కొసరు, కాలితో కర్రల మధ్య నుంచి తంతే మూడు, అంతవరకు చాలు. పన్నెండేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నా ఆ మైదానం పక్కనుంచి కారులో పోవడమే గానీ ఎప్పుడూ తొంగి చూడలేదు. మా వాడికి ఈ ఏడాది పిచ్చి పట్టింది. వాడి వెనక నేను.

2023లో ఈ టీము ఆడిన 17 ఆటల్లో నాలుగే గెలిచింది. కోచ్‌ని పంపేశారు. కొత్తగా డాన్ క్విన్ అనే ఆయన్ని తెచ్చారు. మా పక్కింటి పెద్దాయన పెదవి విరిచాడు. ఆయన ఈ టీము చివరిసారి కప్పు గెలిచిన 1991 సీజన్ నాటి నుంచి ఎదురుచూస్తున్న మనిషి. విషయమేంటంటే, ఈ క్విన్ ఇంతకుముందు అట్లాంటా కోచ్. 2017 ఫిబ్రవరిలో సూపర్ బౌల్, అంటే వాళ్ళ ఫైనల్లో, 28-3తో ముందుండి కూడా అదనపు సమయంలో 34-28 తేడాతో ఓడిపోయాడు. అప్పట్నుంచీ పాపం ఆయనెక్కడికెళ్ళినా ఆ 28-3 వెంట వెళ్తుంది. ఇరవై ఎనిమిది, మూడు అంటే చాలు, ఇక్కడ అందరూ నవ్వుతారు. తర్వాత డల్లాస్‌లో ఉద్యోగం చేశాడు. డల్లాస్ అంటే వీళ్ళకి పడదు. అక్కణ్ణుంచి ఇక్కడికి. టోపీ వెనక్కి తిప్పి పెట్టుకుంటాడు, యాభై దాటిన మనిషి. ఒకే ఒక్క స్కోరుతో ఒకణ్ణి జీవితాంతం పిలవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు కదరా. అందుకే మొదటి రోజు నుంచే నేను ఆయన పార్టీ.

ఆ కోచ్‌తో పాటే ఒక కుర్రాడొచ్చాడు, జేడెన్ డేనియల్స్, అయిదో నంబరు చొక్కా. కాలేజీ నుంచి తీసుకునేటప్పుడు వరస ఉంటుంది, అందులో రెండోవాడు. మొదటివాడు కేలబ్ విలియమ్స్, షికాగో వాళ్ళు పట్టుకుపోయారు. చోద్యం చూడు, ఆ కేలబ్ ఈ వాషింగ్టన్‌లో చదువుకున్న పిల్లాడు.

మొదటి ఆట సెప్టెంబరు 8న. టాంపాలో 37-20 తేడాతో ఓడిపోయారు. ఆ ఆదివారం... ఒరేయ్, ఆ ఆదివారం మీరు సింగ్‌నగర్‌లో బురద ఎత్తిపోసుకుంటున్నారు. నేనిక్కడ సోఫాలో కూర్చుని ఇంకెవరో బంతి వదిలేశాడని బాధపడుతున్నాను. బుడమేరు నీళ్ళు మీ ఇంట్లోకొచ్చిన సంగతి నాకు మూడో రోజుగ్గానీ తెలీలేదు. నీ ఉత్తరంలో "ఫ్రిజ్జు తేలింది, మేము మేడెక్కాం, హాస్టల్ ఫోటోలు పోయాయి" అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. ఆ వాక్యం నేనెన్నిసార్లు చదివానో నీకు తెలీదు. నా దగ్గరున్న పాత ఫోటోలన్నీ కాపీలు తీయించాను, ఈ కవరులోనే ఉన్నాయి. నీ బకెట్ ఫోటో కూడా ఉంది. ఇంతకంటే ఏం రాయాలో... పోనీలే. నువ్వూ రాయించుకోవు.

అక్టోబరు 27. దీపావళికి నాలుగు రోజుల ముందు. షికాగో వాళ్ళొచ్చారు, ఒకటో నంబరు కుర్రాడికీ రెండో నంబరు కుర్రాడికీ పోటీ. మన డేనియల్స్‌కి అంతకు ముందు ఆటలో పక్కటెముకలకి దెబ్బ తగిలింది, ఆడతాడో లేదో వారమంతా ఎవరికీ తెలీదు. పెద్దాయన ఇంట్లో ఆవిడకి ఒంట్లో బాగాలేక రెండు టికెట్లు మిగిలాయి. నన్నూ మా పిల్లాణ్ణీ రమ్మన్నాడు. స్టేడియం మేరీల్యాండ్‌లో, లాండోవర్ అనే చోట. నది దాటి గంటకు పైగా ప్రయాణం. మీ చెల్లెలు పులిహోర కట్టిచ్చింది గానీ లోపలికి తీసుకెళ్ళనివ్వలేదు, పార్కింగ్‌లోనే తినేశాం. పెద్దాయనకి వేరుశెనగలు నచ్చాయి.

ఆట మొదట్లో చప్పగా ఉంది. మనవాళ్ళు కాలితో తన్ని తన్ని 12-0 చేశారు. నేను సీట్లోనే ఉన్నాను, గమనించు. ఆ తర్వాత షికాగో వాడొకడు 56 గజాలు పరిగెత్తి గీత దాటాడు. 12-7. మా వాడు నావైపు ఓసారి చూశాడు. వాడికి వరండా కథ నేనే చెప్పాను, నా ఖర్మ. చివర్లో షికాగో వాళ్ళు గీత పక్కదాకా వచ్చి, బంతి ఒక బండ మనిషి చేతికిచ్చి, జారవిడుచుకున్నారు. హమ్మయ్య అనుకున్నాం. కాదు, మళ్ళీ వచ్చారు, ఇంక 25 సెకన్లుందనగా గీత దాటేశారు. 15-12. జనం లేచి కోట్లు తొడుక్కుంటున్నారు. మా వాడి కళ్ళల్లో నీళ్ళు. అప్పుడు, ఒట్టు, నా కళ్ళ ముందు నీ నీలం బకెట్ కనపడింది.

లేచాను. "బాత్‌రూముకి" అన్నాను. పెద్దాయన "ఇప్పుడా?" అన్నాడు. ఏం చెప్పను, లక్ష్మణ్ సంగతి ఇంగ్లీషులో?

మెట్లెక్కి వెనకాల నడవలోకి వెళ్ళి పాప్‌కార్న్ అమ్మేచోట గోడ వైపు తిరిగి నిలబడ్డాను. పైన టీవీ ఉంది, చూడకూడదని తల దించుకున్నా. ముందు కాస్త అలజడి. తర్వాత ఏమీ లేదు. ఆ తర్వాత నా కాళ్ళ కింద సిమెంటు అదిరింది రా! చప్పుడు కాదది. మన ఊళ్ళో గోదాములో బస్తాల వరస కూలినట్టు, అరవై వేల మంది గొంతులూ ఒక్కసారే. పాప్‌కార్న్ అమ్మే ఆవిడ బల్ల దాటొచ్చి నన్ను పట్టుకుని గెంతుతోంది. ఏమైందో ఇద్దరికీ తెలీదు. తల ఎత్తి టీవీ చూస్తే తమాషా, అందులో ఇంకా ఏమీ జరగలేదు! టీవీ కొన్ని సెకన్లు వెనక నడుస్తుంది కదా. లోపల జనం గెలిచేశారు, టీవీలో ఇంకా ఓడిపోతున్నారు. ఆ కుర్రాడు బంతి పట్టుకుని వెనక్కీ పక్కలకీ పరిగెడుతున్నాడు, వీడికింక దారి లేదనుకున్నాను, పది సెకన్లు దాటింది, అప్పుడు ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి విసిరాడు. అవతల గుంపులో ఒకడి చెయ్యి తగిలి బంతి పైకెగిరింది. గుంపు వెనక నోవా బ్రౌన్ అనేవాడు ఒక్కడే నిలబడ్డాడు, ప్రసాదం పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. 52 గజాలు. 18-15. అయిపోయింది.

ఆ విసురుకి ఇక్కడ పేరేంటో తెలుసా? హెయిల్ మేరీ. మరియమ్మ తల్లికి దణ్ణం పెట్టుకుని విసరడమన్నమాట. గుణదల కొండ కింద పెరిగిన నీకు నేను చెప్పాలా.

అసలు మజా ఇంటికొచ్చి మళ్ళీ చూసినప్పుడు. షికాగో వైపు టైరిక్ స్టీవెన్‌సన్ అని ఒకడున్నాడు. ఆ చివరి బంతి మొదలైపోయినా వాడు ఆటకి వీపు పెట్టి, గ్యాలరీలో జనాన్ని ఎగతాళి చేస్తూ చేతులూపుతున్నాడు. తర్వాత తేరుకుని పరిగెత్తుకెళ్ళి, గాల్లోకెగిరి, ఆ బంతిని బ్రౌన్ చేతుల్లోకి తోసింది కూడా వాడే! అంటే ఆ క్షణంలో స్టేడియంలో ఆటకి వీపు పెట్టి నిలబడ్డవాళ్ళం ఇద్దరమే. వాణ్ణి షికాగో అంతా తిట్టింది. నన్ను మా వాడు ఎత్తుకోబోయాడు, కుదర్లేదు.

అక్కణ్ణుంచి నా బతుకు గ్యారేజీ పాలైంది. దగ్గర దగ్గరగా వస్తే చాలు, "డాడీ, గ్యారేజ్." మీ చెల్లెలు కూడా వాడి పక్షమే. నవంబరులో డల్లాస్‌తో ఆటకి గ్యారేజీలోనే ఉన్నాను. 21 సెకన్లుందనగా మనవాడు మెక్‌లారిన్ 86 గజాలు లాగి గీత దాటాడు. ఇంట్లో కేకలు. సులువైన తన్ను ఒకటి పడితే సమం. ఆనందం ఆపుకోలేక నేను తలుపు తీసుకుని లోపలికి పరిగెత్తా. తన్నాడు. తప్పింది. ఇల్లంతా నిశ్శబ్దం. ముగ్గురూ నన్నే చూస్తున్నారు, అమ్మ కూడా. అమ్మకి ఆట తెలీదు, కానీ నా పాదం తెలుసు. ఆ వెంటనే డల్లాస్ వాళ్ళు ఇంకోసారి గీత దాటారు. 34-26.

డిసెంబరులో ఫిలడెల్ఫియా మీద ఆరు సెకన్లుందనగా గెలిచారు, నేను గ్యారేజీలో. అట్లాంటా మీద, క్విన్ పాత టీము మీదే, అదనపు సమయంలో గెలిచారు, గ్యారేజీలో. మొత్తం 17లో 12. నాలుగు నుంచి పన్నెండు! భోగికి ముందు రాత్రి మళ్ళీ టాంపా, ఈసారి ఓడితే ఇంటికే. నేను దుప్పటి కప్పుకుని కొత్త కారులో కూర్చున్నా. ఆఖరి తన్ను కుడివైపు కర్రకి ఠంగుమని తగిలి లోపలికి పడింది. 23-20. పందొమ్మిదేళ్ళ తర్వాత ఇలాంటి ఆట గెలవడం. పెద్దాయన పైజమాతో మా ఇంటికొచ్చి గ్యారేజీ తలుపు కొట్టాడు. ఆయనకెవరు చెప్పారో! తర్వాత శనివారం డెట్రాయిట్, 15 ఆటలు గెలిచిన మహా టీము, 45-31 తేడాతో కూలింది. నాకు జలుబు.

ఇంక మొన్న ఆదివారం. గెలిస్తే సూపర్ బౌల్. ఫిలడెల్ఫియాలో. మీ చెల్లెలు ఆరు కుటుంబాల్ని పిలిచింది. బిర్యానీ, గారెలు. నేను దుప్పటి తీసుకుంటే "ఇంటినిండా మనుషులుంటే గ్యారేజీలో కూర్చుంటారా, ఏమనుకుంటారు?" అంది. మా వాడు బతిమాలాడు. మర్యాద గెలిచింది. సోఫాలో కూర్చున్నా. మనవాళ్ళు ముందు మూడు పాయింట్లు తెచ్చారు, నాకు ఆశ పుట్టింది. ఫిలడెల్ఫియా చేతికి బంతి వచ్చిన మొట్టమొదటిసారే బార్క్‌లీ 60 గజాలు పరిగెత్తుకుపోయాడు. మా వాడు ఒక్క మాట అనలేదు. గారెల పళ్ళెం నా చేతికిచ్చి గ్యారేజీ వైపు చూశాడంతే. వెళ్ళాను, ఆలస్యమైపోయింది. 55-23. ఒరేయ్, యాభై అయిదు.

రాత్రి వాడు పడుకునేముందు "క్విన్‌ని మళ్ళీ 28-3 అంటారా డాడీ?" అని అడిగాడు. అనరులేరా అన్నాను. అంటారేమో. ఏమో, ఈసారి ఆయన్ని చూస్తే జనానికి కర్రకి తగిలిన ఆ చప్పుడు గుర్తొస్తుందేమో. వాడికి ఇంకా ఏదో చెబుదామనుకున్నా గానీ...

ఇదిగో, కాలింగ్ బెల్. రేపటి ఫ్లైట్‌కి వస్తున్న మా ఆఫీసు కుర్రాడు, ఈ కవరు వాడి చేతికే. వచ్చేశాడు, చెప్పులు కూడా విప్పనంటున్నాడు. ఫిబ్రవరి 9న గుణదల తిరునాళ్ళు కదా, నా పేరున ఒక కొబ్బరికాయ కొట్టు, అక్టోబరు బాకీ. అదే రోజు ఇక్కడ సూపర్ బౌల్, ఫిలడెల్ఫియా ఆడుతోంది. నేను ఆకుపచ్చ చొక్కా తొడుక్కుని వాళ్ళ పక్షాన సోఫా మధ్యలో కూర్చుంటాను, పాదాలు రెండూ టీవీ వైపు పెట్టి. చూద్దాం ఎలా గెలుస్తారో. చెల్లెమ్మని అడిగానని చెప్పు, ఆ ఉప్మా బాకీ సంగతి వచ్చే ఉత్త